పియుమీనోనా, ఊలు కోటా, ట్రెంచ్ కోటా? ఇటలీ ఆడవాళ్ళు రోజూ వేసుకునేవాటిలో ఏది మేలు?

ఫ్యాషన్ వీక్ ఫొటోల్లో కనిపించే ఇటలీ వేరు, నవంబరులో పొద్దున ఎనిమిదింటికి మిలాన్ మెట్రోలో కనిపించే ఇటలీ వేరు. మెట్రోలో ఎక్కువమంది ఆడవాళ్ళ ఒంటి మీద ఉండేది జీన్సో ముదురు రంగు ప్యాంటో, ఒక సన్నని స్వెటర్, మెడకు స్కార్ఫ్. కాళ్ళకు తెల్ల స్నీకర్లు, లేకపోతే చీలమండ దాకా వచ్చే బూట్లు. హై హీల్స్ వెతికినా కనపడవు. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు, గాలికి ఎగిరే గౌను అంతా టూరిస్టులు వేసుకొచ్చే వేషం.

వీటన్నిటి పైన వేసుకునేది మాత్రం దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఒకటి: పియుమీనో అనే ఈకలు కూరిన జాకెట్టు, ఊలు కోటు, ట్రెంచ్ కోటు అనే బెల్టున్న పలచని పైకోటు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వీధిలో ఎదుటివాళ్ళకు కనిపించేది ఇదే. అందుకే లోపలి టాప్ చవక బ్రాండు దుకాణానిదైనా పైదాని మీద, కాళ్ళకు వేసుకునేదాని మీద డబ్బు పెడతారు. చదువుకో ఉద్యోగానికో మిలాన్, బొలోనియా, పాదువా వెళ్తున్న తెలుగు అమ్మాయిలు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తుంటారు. సూట్‌కేసు నిండా టాప్‌లు, కుర్తీలు. పైన మాత్రం వెళ్ళేముందు హడావుడిగా కొన్న ఒక బరువైన జాకెట్టు.

ముందు చలి సంగతి. జనవరి పొద్దుటిపూట మిలాన్‌లో, బొలోనియాలో సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. పో నది మైదానమంతా తేమ, పొగమంచు. రోమ్‌లో అదే నెలలో తెల్లవారుజామున 3, 4 డిగ్రీలున్నా మధ్యాహ్నానికి 12 దాకా వస్తుంది. దక్షిణాన పలెర్మోలో అసలైన శీతాకాలపు కోటు వాడే రోజులు కొద్దే. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి: ఇళ్ళలో హీటింగ్ మనకు చలేసినప్పుడు వెయ్యరు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వెయ్యాలో చట్టమే చెబుతుంది. మిలాన్, తొరీనో, బొలోనియాల్లో మామూలుగా అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 14 గంటలకు మించకుండా. రోమ్, ఫ్లోరెన్సుల్లో నవంబరు 1 నుంచి, 12 గంటలు. నేపుల్స్‌లో నవంబరు 15 నుంచి మార్చి 31 దాకా, 10 గంటలే. గది వేడి 20 డిగ్రీలు, మహా అయితే ఇంకో రెండు. బయట సున్నా, మెట్రోలో ఉక్క, ఇంట్లో 20. అందుకే ఒకే ఒక్క మందపాటి బట్టతో కాకుండా ఉల్లిపాయలా పొరలు పొరలుగా వేసుకుంటారు. ఆ మాట వాళ్ళదే. మూడింట్లో దేన్నయినా ఈ పొరల లెక్కలోనే తూచాలి.

పియుమీనో

వీధిలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఈ మోజు ముదిరింది 1980లలో మిలాన్‌లో. సాన్ బాబిలా కూడలిలో బర్గర్ దుకాణం ముందు గుంపులుగా చేరే, పనినారీ అని పేరుపడ్డ కుర్రకారు మోంక్లేర్ జాకెట్లు యూనిఫారంలా వేసుకునేవాళ్ళు. 1952లో ఫ్రాన్స్‌లో కొండల బట్టగా పుట్టిన మోంక్లేర్ 2003లో ఇటాలియన్ వ్యాపారి రెమో రుఫ్ఫీనీ చేతికొచ్చింది. ఇప్పుడు బ్రాండుతో పని లేదు, అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ వేసుకునేదే. అమ్మాయిలది నడుము దాకా, పెద్దావిడలది మోకాళ్ళ దాకా.

రెండు రకాలు. పలచనిది చిన్న సంచిలో మడిచి పెట్టుకునేంత తేలిక. అక్టోబరు, మార్చి నెలల్లో ఒక్కటే వేసుకుంటారు, డిసెంబరులో కోటు లోపల వేసుకుంటారు. మందపాటిది నడి శీతాకాలానికి. చేతుల్లేని పలచని రకం కూడా ఉంది, స్మనికాతో అంటారు. స్వెటర్ మీద, ట్రెంచ్ కింద రెండుచోట్లా ఇముడుతుంది. మనవాళ్ళు దీన్ని పట్టించుకోరు కానీ పెట్టిన డబ్బుకు ఇంత పనికొచ్చే బట్ట ఇంకోటి లేదు.

కొనేటప్పుడు లోపలి లేబుల్ చదవాలి. 90/10 అని ఉంటే తొంభై పాళ్ళు మెత్తటి నూగు, పది పాళ్ళు చిన్న ఈకలు. ఈకల పాలు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, వెచ్చదనం తగ్గుతుంది, కుట్ల సందుల్లోంచి ఈకల మొనలు బయటికొస్తాయి. బయటికొచ్చిన ఈకను ముందునుంచి లాగకండి, చిల్లు పెద్దదై దాని వెనకే ఇంకో నాలుగొస్తాయి. లోపలివైపు నుంచి బట్టను పట్టుకుని ఈకను వెనక్కి లాగి, చిల్లు మీద వేలితో రుద్దాలి. లేబుల్ మీద 100 శాతం పోలియెస్తెరె అని ఉంటే అది ఈకలది కాదు, దూది లాంటి పాలియెస్టర్ కూరింది. దుకాణంలో దాన్నీ పియుమీనో అనే అమ్ముతారు.

ఇక్కడ నా ఓటు, చాలామంది చెప్పేదానికి భిన్నంగా, పాలియెస్టర్‌కే, అద్దె గదిలో ఉండే విద్యార్థుల వరకు. ఈకల జాకెట్టును 30 డిగ్రీల్లో, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతికి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పాలి. బంతులు కొట్టుకుంటేనే ముద్దకట్టిన నూగు విడిపోతుంది. ఇటాలియన్ ఇళ్ళలో డ్రయ్యర్ అంత మామూలు కాదు, బట్టలు స్టాండు మీద ఆరేస్తారు. జనవరి తేమలో స్టాండు మీద వేసిన ఈకల జాకెట్టు పైకి ఆరినట్టే ఉండి లోపల రోజుల తరబడి చెమ్మగా ఉండిపోతుంది, కుక్క తడిసిన వాసన పడుతుంది. నాణేలు వేసే లాండ్రీకి మోసుకుపోక తప్పదు. పాలియెస్టర్‌కి ఈ బాధ లేదు, వానకు తడిసినా వెచ్చదనం అంతగా పోదు.

పియుమీనోకున్న అసలు లోపం పొడవు. కుర్తీ మీద నడుము దాకా వచ్చే జాకెట్టు వేస్తే కుర్తీ పక్క చీలికల్లోంచి గాలి నేరుగా తొడలకు కొడుతుంది, పలచని కాటన్ లెగ్గింగ్ దాన్ని ఆపలేదు. కుర్తీలు మానని వాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేదే తీసుకోవాలి.

ఊలు కోటు

ఆఫీసుకు, రాత్రి భోజనానికి, ఆదివారం షికారుకు ఇది. ఒంటె రంగు, ముదురు నీలం, బూడిద, నలుపు దాటి వెళ్ళడం తక్కువ. ఒంటె రంగు కోటుకు ఆ గౌరవం రావడంలో రెజ్జో ఎమీలియాకు చెందిన మాక్స్ మారాకు పెద్ద వాటా ఉంది. 1981లో వాళ్ళు తెచ్చిన 101801 అనే వదులు కోటు ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని ధర మనకక్కర్లేదు, కోత చూస్తే చాలు: వెడల్పు చేతులు, మోకాళ్ళు దాటే పొడవు, లోపల మందపాటి స్వెటర్ పట్టేంత వదులు.

లేబుల్ మీద లానా (ఊలు) 70, పొలియామ్మిదె (నైలాన్) 30 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఇది మోసం కాదు. ప్రాతో పట్టణంలో పాత ఊలును చించి మళ్ళీ వడికే పరిశ్రమ ఉంది. పొట్టి పోగులు కాబట్టి నైలాన్ కలిపితే గట్టిగా నిలబడుతుంది. ఊలు సగానికి తగ్గి, మిగతా అంతా పాలియెస్టర్, ఆక్రిలిక్ అయితే వదిలెయ్యండి. చలీ ఆగదు, నెల తిరక్కముందే ఉండలు కడుతుంది. వేసుకుని చూసేటప్పుడు లోపల మీ మందపాటి స్వెటర్ ఉండాలి. భుజం కుట్టు భుజం ఎముక మీద కూర్చోవాలి, చెయ్యి మణికట్టు ఎముకను కప్పాలి. భుజం వెడల్పయితే టైలర్ బాగుచేయడం ఖర్చుతో కూడిన పని, పొడవు తగ్గించడం తేలిక.

కొత్త కోటు వెనక చీలిక మీద ఇంటూ ఆకారంలో దారంతో ఒక కుట్టు ఉంటుంది. జేబులు కూడా కుట్టేసి ఉంటాయి. అవి రవాణాలో ఆకారం చెదరకుండా వేసినవి, ఇంటికి రాగానే చిన్న కత్తెరతో తీసెయ్యాలి. ఆ ఇంటూ కుట్టుతోనే సీజనంతా తిరిగేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ఎవరూ చెప్పరు, అందరూ చూస్తారు.

కోటుకు పెద్ద శత్రువు వాన కాదు, వీపుకు తగిలించుకునే లాప్‌టాప్ సంచి. పట్టీలు రుద్దుకున్న చోట భుజాల మీద, సంచి రాసుకునే నడుము దగ్గర నూగు లేచి ఉండలు కడతాయి. రోజూ సంచితో యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళకు వారపు రోజుల్లో పియుమీనోనే నయం. వానకు తడిస్తే వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి రేడియేటర్‌కు దూరంగా ఆరనివ్వాలి. వేడికి ఊలు బిగుసుకుపోతుంది. సీజన్ చివర్లో ఒక్కసారి డ్రైక్లీనింగ్ చాలు, మధ్యలో బ్రష్‌తో దులిపితే సరి. బీరువాలో పెట్టేముందు మాత్రం శుభ్రం చేయించాలి. చిమ్మట పురుగు చెమట, తిండి మరకలున్న ఊలునే ముందు పడుతుంది.

ట్రెంచ్ కోటు

చూడ్డానికి అందం, వాడే రోజులు కొద్ది. ఉత్తరాన సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు చివరి దాకా, మళ్ళీ మార్చి చివర నుంచి మే వరకు. దీనికి వాడే నూలు గాబర్డీన్ బట్ట చినుకులు ఆపుతుంది కానీ జడివానను ఆపదు. రోమ్‌లో, నేపుల్స్‌లో అయితే లోపల పలచని స్మనికాతోతో శీతాకాలంలో ఎక్కువ రోజులు నెట్టుకు రావచ్చు. బెల్టును బకిల్‌లో పెట్టరు, ముడేస్తారు లేదా వెనక్కి కట్టేస్తారు.

దీనితోపాటే తెలుసుకోవలసినది కాంబియో ది స్తజోనే. ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్తులోనూ, బీరువా మొత్తం మార్చేస్తారు. ఏప్రిల్లో ఒకరోజు 24 డిగ్రీలు వచ్చినంత మాత్రాన ఒట్టి కాళ్ళతో, చేతుల్లేని గౌనుతో బయటికి రారు. బట్టను థర్మామీటరు కంటే క్యాలెండరు ఎక్కువ నడిపిస్తుంది.

ఏది, ఎప్పుడు?

ఉత్తరానికి వెళ్తుంటే మూడూ ఒకేసారి వద్దు. హైదరాబాద్‌లో బరువైన జాకెట్టు కొని సూట్‌కేసులో చోటు పాడుచేసుకోకుండా, రెండు పలచని ఊలు స్వెటర్లు, థర్మల్స్ తీసుకెళ్ళండి. అక్టోబరులో అక్కడే మోకాళ్ళ దాకా వచ్చే పాలియెస్టర్ పియుమీనో కొనుక్కోండి. ఓవీఎస్ లాంటి దుకాణాలు చాలు. ఊలు కోటు కోసం జనవరి దాకా ఆగాలి. శీతాకాలపు సాల్ది, అంటే తగ్గింపు అమ్మకాలు, దాదాపు అన్ని ప్రాంతాల్లో జనవరి 6 పండగకు ముందే మొదలవుతాయి. తగ్గింపు చూపించే ట్యాగ్ మీద అంతకుముందు 30 రోజుల్లోని అత్యల్ప ధర ఉండాలని 2023 నుంచి నిబంధన ఉంది, దాంతోనే పోల్చుకోండి. నచ్చలేదని తిరిగిచ్చే హక్కు 14 రోజులపాటు ఆన్‌లైన్ కొనుగోలుకే ఉంది. దుకాణంలో కొన్నది వెనక్కి తీసుకోవడం వాళ్ళిష్టం, బిల్లు కట్టకముందే అడగండి. మిలాన్‌లో అయితే వియాలె పాపినియానోలో మంగళ, శనివారాల్లో జరిగే సంత కూడా ఒకసారి చూడదగ్గదే.

రోమ్‌కో అంతకంటే దక్షిణానికో అయితే ముందు ట్రెంచ్, దాని కింద స్మనికాతో. ఆ తర్వాతే ఊలు కోటు.

సైజు దగ్గర జాగ్రత్త. ఇటాలియన్ 42 అంటే ఫ్రెంచ్ 38, జర్మన్ 36. ట్యాగ్ మీద ఒకే అంకె ఉంటే అది ఏ దేశపు సైజో అడిగి తెలుసుకోండి.

కాళ్ళకు కూడా ఇదే తూకం. తొరీనోలో పుట్టిన సూపెర్గా కాన్వాస్ బూట్లు వసంతానికి బాగుంటాయి, వానలో సాక్సు దాకా తడుస్తాయి. శీతాకాలానికి తోలు స్నీకర్లు లేదా రబ్బరు అడుగున్న చీలమండ బూట్లు మేలు. రోమ్ వీధుల్లో పరిచిన నల్ల రాళ్ళ సందుల్లో సన్నని మడమ ఇరుక్కుంటుంది, నున్నటి తోలు అడుగు తడి రాయి మీద జారుతుంది. మొకాసిన్లు, అంటే లేసుల్లేని తోలు బూట్లు కొన్నవాళ్ళు వాడకముందే కల్సొలాయో, అంటే చెప్పులు బాగుచేసేవాడి దగ్గర ముందు సగానికి రబ్బరు అడుగు వేయించుకుంటారు. అడుగు కొత్తగా ఉన్నప్పుడే రబ్బరు బాగా అంటుకుంటుంది.