నిప్పు పాఠం బాగుంది, రోడ్డు పాఠమే తేలిపోయింది

చిన్న తరగతుల పిల్లలకు అగ్ని ప్రమాదాలు, రోడ్డు జాగ్రత్తలు నేర్పే కిట్ అని ఒక పెట్టె మా బడికి తెప్పించారు. రెండో తరగతి టీచర్ని కాబట్టి ముందు నా చేతికే వచ్చింది. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, లోపలి సరుకు కాస్త అటూఇటూగా ఒకటే, అందుకని కంపెనీ పేరు రాయడం లేదు. రోడ్డు బొమ్మ అచ్చేసిన పెద్ద పరుపు గుడ్డ, అట్ట కార్లు, ట్రాఫిక్ గుర్తుల కార్డులు, బూడిదరంగు పల్చటి గుడ్డ, నిలబెట్టే అట్ట తలుపు, ఫైర్‌మన్ మాస్కు, బొమ్మ ఫోను, టీచర్ల కోసం ఓ చిన్న పుస్తకం. ఇంతే.

అన్నిట్లోకీ పనికొచ్చింది ఆ బూడిద గుడ్డ. చూడ్డానికి అందులో ఏమీ లేదు. నలుగురు పిల్లలు నాలుగు కొసలు పట్టుకుని తమ నడుం ఎత్తులో చాపితే అదే పొగ. మిగతావాళ్లు దానికి తల తగలకుండా పాకుతూ తలుపు దాకా రావాలి. పొగ వేడిగా ఉంటుంది కాబట్టి పైకి లేస్తుంది, పీల్చదగ్గ గాలి నేల దగ్గరే మిగులుతుంది అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే అందరూ బుద్ధిగా తలలూపారు, అంతే. గుడ్డ కింద ఒకడి జుట్టు తగలగానే మాత్రం "టీచర్, వీడు పొగ మింగేశాడు!" అని గోల. వాడు వెనక్కెళ్లి, ఈసారి మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు.

తలుపు కూడా బాగా ఆలోచించి చేశారు. ఒక పక్క మడత విప్పితే ఎర్రరంగు కనబడుతుంది. పిల్లవాడు చేతి వెనకవైపుతో తలుపు తాకి చూడాలి. అరచేయి కాలితే ఆ తర్వాత పాకడం కష్టం కదా. నేను "వేడిగా ఉంది" అంటే తెరవకూడదు, రెండో దారి వెతుక్కోవాలి. దీంతో ఇంటికెళ్లి "మనింట్లో రెండో దారి ఏది?" అని అడిగిన పిల్లలున్నారని తల్లిదండ్రులే చెప్పారు.

ఇక మాస్కు. నిప్పంటే భయపడి పిల్లలు మంచం కిందో బీరువాలోనో దాక్కుంటారు. వెతకడానికి వచ్చిన మనిషి మాస్కు తొడుక్కుని, బుస్సుబుస్సున ఊపిరి తీస్తూ కనబడితే ఇంకా లోపలికి జరుగుతారు. అందుకే క్లాసులో ఎవరు కావాలంటే వాళ్లకి మాస్కు తొడిగి, ఆ చప్పుడు చేయించాను. రెండు రోజులకి భయం పోయి, మాస్కు కోసం కొట్టుకోవడం మొదలైంది.

ఈ సగంలో నాకు నచ్చనిది ఒక్కటే. పుస్తకంలో మొదటి పేజీలోనే "ఆగు, పడుకో, దొర్లు" అని ఒక పాట పెట్టారు. అది ఒంటిమీద బట్టలు అంటుకున్నప్పుడు మాత్రమే చేయాల్సిన పని. పిల్లల నోటికి పాట పట్టేసింది, ఎప్పుడు చేయాలన్నది పట్టలేదు. డ్రిల్‌లో బెల్లు మోగగానే వరసగా బయటికి నడవాల్సింది పోయి ఇద్దరు ముగ్గురు వరండాలో దొర్లారు. మీరు కొంటే ఆ పాట చివర్న నేర్పండి. నేర్పేటప్పుడు రెండు చేతులతో మొహం కప్పుకోమనడం మర్చిపోకండి, పుస్తకంలో ఆ మాట లేదు.

రోడ్డు సగం దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోయింది. పరుపు గుడ్డ రంగులు ముచ్చటగానే ఉన్నాయి. కానీ దాని మీద నిలబడ్డ పిల్లకి రోడ్డంతా పైనుంచి కనబడుతుంది. ఆగి ఉన్న కారు బొటనవేలంత. నిజం రోడ్డు మీద అదే కారు పిల్ల తలకన్నా ఎత్తు. దాని పక్కనుంచి తొంగిచూస్తే తప్ప వచ్చే బండి పిల్లకి కనబడదు, పిల్ల డ్రైవరుకి కనబడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది. వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత జోరుగా వస్తోంది అన్నది ఏడెనిమిదేళ్ల పిల్లలు సరిగ్గా అంచనా వేయలేరు. అలాంటప్పుడు బొమ్మ కారుని వేలితో తోసి ఏం నేర్పుతాం? నేను రెండు బీరువాలు జరిపి, వాటి మధ్య నుంచి ఒక్కొక్కరిని బయటికి రమ్మన్నాను. "టీచర్, వాడు కనబడట్లేదు" అని అవతలివాళ్లు అన్నాక అసలు సంగతి అర్థమైంది.

పుస్తకంలో "కుడి, ఎడమ, మళ్లీ కుడి" అని రాశారు. రెండో తరగతిలో సగంమందికి కుడేదో ఎడమేదో తడుముకోకుండా తెలియదు. "బండ్లు దగ్గరగా వచ్చే వైపు ముందు చూడు" అంటే పొరపాటుకి తావుండదు.

గుర్తుల కార్డుల్లో మాత్రం ఘోరం చేశారు. హెచ్చరికకి త్రిభుజం, చేయకూడదనడానికి ఎర్ర అంచు గుండ్రం, చేసి తీరాలనడానికి నీలం గుండ్రం. ఆకారం చూసే సగం అర్థం కావాలి. వీళ్లు అన్నిట్నీ ఒకే సైజు గుండ్రంగా కోసి పెట్టారు. ఎనిమిది అంచుల స్టాప్ బోర్డుని కూడా! ఎదురుగా వచ్చేవాళ్లు దాన్ని వెనకనుంచి చూసినా పోల్చుకోగలిగే ఆకారం అది. అట్ట మీద మళ్లీ గీయించి, పిల్లల చేతే కోయించాను.

ఫోను ఫర్వాలేదు. నంబరు నొక్కడంతో ఆపకుండా, ఎక్కడున్నామో చెప్పి అవతలివాళ్లు పెట్టేదాకా పెట్టకూడదని ఆడించండి.

మా హెడ్‌మాస్టరు గారు మిగతా క్లాసులకి ఇంకో పెట్టె తెప్పించమంటారా అని అడిగారు. తలుపు, మాస్కు విడిగా ఇస్తారేమో కనుక్కోండి సార్ అన్నాను, గుడ్డ మనమే కుట్టించుకోవచ్చు. విడిగా ఇవ్వరట.