తెమడ డబ్బా గుంటూరు చేరడానికి ఏది మేలు: బస్సా, బైకా, డ్రోనా?

దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమోనని తెమడ పరీక్ష చేయించాలని మన ఆశా కార్యకర్తలందరికీ తెలుసు. చిక్కంతా ఆ తర్వాతే. కాకుమాను, పెదనందిపాడు వైపు ఊళ్లలో తీసిన తెమడ గుంటూరులో ఉన్న సీబీనాట్ మిషన్ (తెమడలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే యంత్రం) దాకా ఎలా వెళ్లాలి? రోగినే వెళ్లమనడం, ఆర్టీసీ పార్శిల్‌లో వేయడం, బైక్ మీద మనిషిని పంపడం, డ్రోన్. వీటిలో ఏది మేలో చూద్దాం.

రోగిని పంపడం మనకు సులువు, అతనికే కష్టం. ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు పెట్టుకోవాలి. చాలాసార్లు రెండు డబ్బాలు అడుగుతారు: ఒకటి అప్పటికప్పుడు ఇచ్చేది, రెండోది తెల్లవారి లేవగానే తీసేది. అంటే మళ్లీ ప్రయాణం. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లయితే దగ్గును ఘాటు మీదకి నెట్టేసి అసలు కదలరు. కదిలినా, కిక్కిరిసిన బస్సులో దగ్గుతూ వెళ్తారు. నా దృష్టిలో ఈ దారి పూర్తిగా మానేయాలి. డబ్బా ప్రయాణం చేయాలి కానీ మనిషి కాదు.

బస్సు పార్శిల్ చవక, బస్సులకీ కొదవ లేదు. కానీ గుంటూరు బస్టాండులో దిగిన డబ్బాను ల్యాబ్‌కి చేర్చేదెవరు? కౌంటర్ దగ్గరే సాయంత్రం దాకా పడి ఉంటే? సీబీనాట్‌కి తెమడ 35 డిగ్రీల లోపు వేడిలో 3 రోజుల దాకా నిలుస్తుంది. రోహిణీ కార్తెలో మన దగ్గర బయట నీడలోనే 40 దాటుతుంది, ఇక బస్సు డిక్కీ సంగతి చెప్పాలా? కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకి, వెళ్లే తెమడకైతే ఇంకా నష్టం: వేడికి వేరే బ్యాక్టీరియా పెరిగిపోయి టీబీ క్రిమిని పట్టుకోవడం కష్టమవుతుంది. మనిషి మళ్లీ తెమడ ఇవ్వాలి, మందులు మళ్లీ ఆలస్యం. ఇంతకంటే తపాలా శాఖ నయం. 2018లో ఆగ్రా, ఢిల్లీల్లో పోస్ట్‌మన్‌ల చేత తెమడ పంపించి చూశారు. అక్కడ డబ్బా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్తుంది, ఎవరి బాధ్యత ఏమిటో తెలిసి ఉంటుంది.

ఇక డ్రోన్. 2024 అక్టోబర్ 29న మంగళగిరి ఎయిమ్స్‌తో పాటు దేశంలో మొత్తం 11 సంస్థల్లో డ్రోన్ సేవలు మొదలయ్యాయి. మన ప్రాంతానికి అది దక్కినందుకు నాకు సంతోషం. కృష్ణకు వరదొచ్చి లంక గ్రామాలకు దారి తెగినప్పుడు, అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగినప్పటిలాంటి రోజుల్లో డ్రోన్‌కి సాటి లేదు. కానీ రోజువారీ తెమడకి అది అవసరమా అంటే, కాదనే చెప్తాను. మిషన్‌లో ఒక విడత పరీక్షకి రెండు గంటల దాకా పడుతుంది. చాలాచోట్ల ఉండే మిషన్ ఒక విడతకి 4 డబ్బాలే తీసుకుంటుంది. గాల్లో పది నిమిషాల్లో వచ్చినా ల్యాబ్ బల్ల మీద వరసలో కూర్చోవాల్సిందే. పైగా గాలివాన, మోయగల బరువు, విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతులు, ఇవన్నీ చూసుకోవాలి.

నా ఓటు బైక్‌కే. ఒక మనిషి, ఒక రూటు, నాలుగైదు పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు), జెల్ ప్యాక్‌లు పెట్టిన ఐస్ బాక్స్. అతను డబ్బా తీసుకునేటప్పుడే మూత బిగిసిందా, పేరు రాశారా, ఫారం ఉందా చూస్తాడు. కారితే అక్కడే తెలుస్తుంది. డబ్బా చుట్టూ పీల్చుకునే దూది, దాని మీద కారని రెండో కవరు, ఆ పైన గట్టి పెట్టె, ఈ మూడు పొరలూ అతని కళ్లముందే పడతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలూ రిపోర్టులూ తెస్తాడు. లోటు లేదని కాదు: పెట్రోల్ డబ్బులు నెలల తరబడి రాకపోతే మనిషి మానేస్తాడు. అతను సెలవు పెడితే వెళ్లడానికి ఇంకొకరు ముందే సిద్ధంగా ఉండాలి. ఈ రెండిటికీ బడ్జెట్ లేకపోతే బైక్ కూడా కాగితాల మీదే నడుస్తుంది.

డెంగీకి తీసిన రక్తం, మలం, వెన్ను నీరు కూడా ఇదే రూటులో వెళ్తాయి కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. అన్నిటినీ ఐస్‌లో పెట్టకూడదు. డెంగీ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. రక్తం కల్చర్ బాటిళ్లు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానంతో కల్చర్‌కి తీసిన వెన్ను నీరు మాత్రం మామూలు గది వేడిలోనే వెళ్లాలి, చల్లబడితే లోపలి క్రిములు చచ్చిపోయి కల్చర్‌లో ఏమీ రాదు. అప్పుడు జబ్బు లేదనుకునే ప్రమాదం ఉంది. అందుకే బైక్ మీద రెండు పెట్టెలు ఉండాలి, ఒకటి చల్లనిది, ఒకటి మామూలుది.

మిషన్‌నే పీహెచ్‌సీకి తెస్తే పోలేదా అని అడగొచ్చు. బ్యాటరీతో నడిచే ట్రూనాట్ ఆ పనికే వచ్చింది, సుమారు గంటలో టీబీ ఉందో లేదో చెప్తుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో తెలియడానికి ఇంకో గంట. ఎక్కడ పెట్టగలిగితే అక్కడ పెట్టాలి. అయినా మందులకు లొంగని కేసుల్లో కల్చర్‌కీ, మిగతా మందుల పరీక్షకీ తెమడ పెద్ద ల్యాబ్‌కి వెళ్లక తప్పదు. అప్పుడూ ఈ బైకే కావాలి.

కొత్తగా రూటు పెట్టుకునే పీహెచ్‌సీ వాళ్లు మొదట ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఉదయం మిషన్ ఎన్ని గంటలకు లోడ్ చేస్తారో, ఆఖరి విడత ఎప్పుడో అడగాలి. బైక్ బయల్దేరే టైం దాన్నిబట్టే పెట్టుకోవాలి.