పాత ల్యాప్‌టాప్ అమ్మకం: మూడు వారాలు తిరిగాక సీటీసీలో కుదిరిన బేరం

2019లో 58,000 పెట్టి కొన్న థింక్‌ప్యాడ్ ఈ490 నాది. ఆరేళ్లకు పైగా అనువాదాల పనంతా దాని మీదే చేశాను. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కరపత్రాలు, బ్యాంకుల ఒప్పందాలు, బాలింతల ఆరోగ్యం మీద చిన్న పుస్తకాలు, అన్నీ దాని మీదే తెలుగులోకి వచ్చాయి. కొత్తది కొన్నాక దీన్ని అటకెక్కించడానికి చేతులు రాలేదు. ఇంకా చక్కగా పనిచేస్తోంది, ఎవరో ఒక చదువుకునే పిల్లకు పనికొస్తుంది. అలాగని ఎంతిస్తే అంతకు ఇచ్చేయడం కూడా ఇష్టం లేదు.

మొదట ఇంటికే వచ్చి కొనుక్కుని వెళ్లే ఒక ఆన్‌లైన్ సంస్థను నమ్మాను. వాళ్ల సైటులో మోడలు, ప్రాసెసరు, ర్యామ్ వివరాలు ఇస్తే 15,300 అని చూపించింది. మర్నాడు వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే, అతని మీద నాకు కోపం లేదు. కానీ ఫోనులో ఒక్కొక్క ప్రశ్నకూ టిక్కు పెడుతున్నకొద్దీ ధర నా కళ్ల ముందే కరిగిపోయింది. బ్యాటరీ బలహీనంగా ఉందని 1,900, మూత అంచున గోరంత చీలిక ఉందని 2,200, మీటలు అరిగాయని 1,100, తెర మీద మచ్చ ఉందని 1,000 తగ్గాయి. చివరికి తేలింది 9,100. ఆ మచ్చను నేను మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది. ‘ఒకసారి నమోదు చేశాక వెనక్కి తీసుకునే వీలు లేదు మేడమ్’ అన్నాడు. వద్దని చెప్పి పంపించేశాను.

తర్వాత పాత వస్తువుల సైటులో 18,000కు ప్రకటన ఇచ్చాను. గంట తిరక్కుండానే ఒకతను ఫోన్ చేశాడు. సైన్యంలో పని చేస్తున్నానని, బదిలీ అయిందని, మేనల్లుడి కోసం కావాలని అన్నాడు. వస్తువు చూడలేదు, బేరం ఆడలేదు, అడిగినంతా ఇస్తానన్నాడు. వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, ‘దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, 18,000 మీ ఖాతాలో పడతాయి’ అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు అందరికీ చెప్పండి: యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు, స్కాన్‌తోనూ పని లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి డబ్బు పోతోందన్నమాటే. పొరపాటున ఎవరైనా కొట్టేసి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అదే ప్రకటన చూసి మంచివాళ్లూ వచ్చారు. ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఇంటికి వచ్చి, గంటసేపు కూర్చుని, అన్నీ చూసుకుని 16,000 ఇస్తామన్నారు. నాకు వచ్చిన ధరల్లో అదే ఎక్కువ. కానీ సగం ఇప్పుడు, సగం రెండు నెలల తర్వాత అన్నారు. ముఖపరిచయం లేని పిల్లల దగ్గర బాకీ పెట్టుకుని, వాళ్ల వెంట పడి వసూలు చేసుకోవడం నా వల్ల కాదు. తెలిసినవాళ్లలో కొనేవాళ్లు దొరికితే మాత్రం నేరుగా అమ్ముకోవడానికి మించింది లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్న షోరూమ్‌లో ఎక్స్ఛేంజ్ కింద 6,000 అన్నారు. అది తీసుకుంటే కార్డు మీద ఇచ్చే తగ్గింపు వర్తించదట. రెండూ లెక్క వేస్తే నా పాత ల్యాప్‌టాప్‌ను ఉచితంగా ఇచ్చినట్టే అవుతుంది. ఆ మాట అక్కడే వదిలేశాను.

ఇక సీటీసీ. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఇక్కడ ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. మెట్టుగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి నడిచాను. వెళ్లే ముందు రాత్రి ఒక పని చేసుకున్నాను. ఆ పని వల్లే నాకు బేరంలో మాట దక్కిందని గట్టిగా చెప్పగలను. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి కొడితే, బ్యాటరీ తయారైనప్పుడు ఎంత నిలిపేదో ఇప్పుడు ఎంత నిలుపుతోందో చూపించే పత్రం తయారవుతుంది. నాది 45 వేల నుంచి 29 వేల మిల్లీవాట్ అవర్లకు వచ్చింది. అంటే దాదాపు మూడింట రెండు వంతులు మిగిలిందన్నమాట. దాన్ని ప్రింటు తీసి, 2019 నాటి బిల్లుతో, పెట్టెలో వచ్చిన అసలు ఛార్జర్‌తో కలిపి సంచిలో పెట్టుకున్నాను.

మొదటి దుకాణంలో మూత కూడా తెరవకుండా 7,000 అన్నారు. రెండోచోట 10,500. మూడో దుకాణం మెట్ల పక్కన, ఇద్దరు నిలబడితే నిండిపోయేంత చిన్నది. అక్కడి అబ్బాయి ధర చెప్పలేదు. ‘తెరిచి చూడొచ్చా మేడమ్?’ అని అడిగాడు. నా ఎదురుగానే వెనక పలక మరలు విప్పి, అయస్కాంతం ఉన్న చిన్న పళ్లెంలో ఏ వరుస మరలు ఆ వరుసలోనే పెట్టాడు. ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న దూదిలాంటి దుమ్మును కుంచెతో మెల్లగా లాగాడు. బ్యాటరీ ఉబ్బలేదని నాకు చూపించాడు. ర్యామ్‌కు రెండు గూళ్లున్నాయి, ఒకటి ఖాళీగానే ఉంది, ఇంకో 8 జీబీ వేస్తే కొనేవాళ్లకు బాగుంటుందన్నాడు. ధర దించడానికి తప్పులు వెతకడం ఒకటి, వస్తువులో ఏముందో తెలుసుకోవాలని చూడడం ఇంకొకటి. ఆ రెంటికీ తేడా అతని వేళ్లలోనే కనిపించింది.

మళ్లీ బిగించి ఆన్ చేశాక కీబోర్డు మీద వేలు ఆపి, ‘ఈ ఒక్క మీట ఇంత అరిగిందేమిటి మేడమ్?’ అన్నాడు. అది ఇంగ్లిష్ డి మీట. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో తెలుగు కొట్టేవాళ్లకు పొల్లు దాని మీదే ఉంటుంది. వత్తు రావాలన్నా అదే నొక్కాలి. తెలుగులో వత్తు లేని వాక్యం ఎక్కడుంది? దాని మీద అక్షరం పూర్తిగా చెరిగిపోయి నున్నగా మెరుస్తోంది. ఆ మాట చెప్తే శ్రద్ధగా విన్నాడు. మీట బాగానే దిగుతోంది, లేస్తోంది కాబట్టి దానికేమీ తగ్గించనన్నాడు.

13,500 అన్నాడు. అంత ఎలా ఇస్తున్నారని అడిగితే దాచకుండా చెప్పాడు. నాది ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరు, దాని మీద విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అందుకని ఏడో తరం, అంతకు ముందువి చూడడానికి ఎంత బాగున్నా ఎక్కువ పెట్టి కొనలేకపోతున్నానన్నాడు. మీ దగ్గరున్నది అలాంటిదైతే అమ్మేముందు ఈ సంగతి చూసుకోండి, లేకపోతే ప్రతి దుకాణం మోసం చేస్తోందనే అనిపిస్తుంది.

నాకు ఒక ఇబ్బంది ఉంది. దాని ఎస్ఎస్‌డీలో, అంటే ఫైళ్లన్నీ నిలవుండే భాగంలో, ఇతరుల ఒప్పంద పత్రాలు, రోగుల వివరాలు ఉండేవి. విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు అన్నీ తీసేయడంతో పాటు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపిక కూడా ఉంటుంది, అది చేశాను. మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ యంత్రాన్ని తొలగించాను. అయినా ఆ ఎస్ఎస్‌డీని పరాయి చేతికి ఇవ్వడానికి మనసు ఒప్పుకోలేదు. అతను విసుక్కోలేదు. దాన్ని తీసి నా చేతిలో పెట్టి 1,300 తగ్గించాడు. 12,200 అక్కడికక్కడే నా ఖాతాలో పడ్డాయి. బ్యాంకు సందేశం వచ్చేదాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

ఆధార్ నకలు అడిగాడు. దొంగ సరుకు కాదని వాళ్లకూ ఆధారం కావాలి కదా. నకలు మీద అడ్డంగా ‘ల్యాప్‌టాప్ అమ్మకానికి మాత్రమే’ అని రాసి, తేదీ వేసి ఇచ్చాను. బదులుగా సీరియల్ నంబరు, తేదీ, మొత్తం రాసిన రసీదు మీద దుకాణం ముద్ర వేయించుకున్నాను. రేపు ఆ యంత్రం ఎవరి చేతిలో ఏ పనికి వాడబడినా నా దగ్గర ఈ కాగితం ఉండాలి.

లోపాలూ చెప్పాలి. కూర్చోవడానికి ఒకటే కుర్చీ, లోపల ఉక్క. మధ్యలో వచ్చిన ప్రతి ఒక్కరికీ అతనే సమాధానం చెప్పాలి కాబట్టి నా పని పూర్తవడానికి గంటన్నర పట్టింది. తొందరలో ఉన్నవాళ్లు సాయంత్రం వెళ్లవద్దు.

రెండు రోజుల తర్వాత అతని నుంచి ఫోన్. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే అమరికల్లోకి, వెళ్లబోతే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతోందట. 2020లో ఇంటి నుంచి పని మొదలైనప్పుడు ఒక క్లయింటు పెట్టమంటే పెట్టాను, పూర్తిగా మరిచిపోయాను. థింక్‌ప్యాడ్‌లలో అది బ్యాటరీ తీసినా, రీసెట్ చేసినా పోదు. తెలియని యంత్రమైతే దొంగదనుకోవడానికి అదొక్కటే చాలు. అతను మాత్రం ‘మీకు వీలున్నప్పుడు రండి మేడమ్’ అన్నాడు. పాత డైరీలో వెతికి పట్టుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లి కొట్టాను. బయోస్ తెరుచుకున్నాక ఆ పాస్‌వర్డ్ తీసేసి, సేవ్ చేసి, యంత్రాన్ని అతని వైపు తిప్పాను. అప్పటికే రెండో గూట్లో ఇంకో 8 జీబీ ర్యామ్ కూర్చుని ఉంది.