బయటి రంగులు: పని బాగుంది, కానీ పక్కనే ఉండి చూసుకోవాలి

కాకినాడలో మా ఇంటికి పదేళ్ల తర్వాత బయట రంగులు వేయించాం, లేబరు, మెటీరియలు కలిపి చదరపు అడుగు లెక్కన పెయింటర్లకి ఇచ్చాం. పని మొత్తం మీద బాగుంది కానీ మొదటి రెండ్రోజులు టెన్షన్ పెట్టారు. వానలకి పడమటి గోడంతా నల్లగా పాచి పట్టి ఉంటే, దాన్ని గీకకుండానే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టబోయారు. నేను చూసి ఆపాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కొన్నాళ్లకే పెచ్చులు లేచేవి. తర్వాత వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి, బాగా ఆరనిచ్చి, పిట్టగోడ పగుళ్లు పూడ్చి, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకి వేసే రంగు) వేశారు. రంగులో నీళ్లు కలిపేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి, డబ్బా మీద రాసినంతే కలపాలి.

షేడ్ కార్డులో లేత గంధం అనుకున్న రంగు గోడంతా పరుచుకునేసరికి పసుపు ముద్దలా కనిపించింది. అది నా తప్పే, ముందు ఓ నాలుగడుగుల మేర వేయించి ఎండలో చూసుకోవాల్సింది. సన్‌షేడ్ అంచులు గీత గీసినట్టు నీటుగా చేశారు. తులసికోట మీద పడిన చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి, మా అమ్మ రోజూ పొద్దున్నే వాళ్లని తిట్టుకుంటూనే నీళ్లు పోస్తోంది.