పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారా? తెలంగాణ రెరా సైట్ ఓసారి చూడండి (4/5)

హైదరాబాద్‌లో మా వీధిలో రెండు పాత ఇళ్ళు కొట్టేసి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. కాలనీ మీటింగ్‌కి వచ్చిన బిల్డర్ మనిషి చెప్పిన అంతస్తులకీ, బ్రోకర్ వాట్సాప్‌లో పంపిన బ్రోచర్‌లోని అంతస్తులకీ పొంతన లేదు. ఇంకేముంది, అందరికీ టెన్షన్.

హైదరాబాద్‌లో 2006లోనే ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి తీసేశారు కాబట్టి స్థలం ఎంతో చూసి ఎంత కడతారో మనం లెక్కేసుకోలేం. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ వీటిని బట్టి ఎత్తు తేలుతుంది. అంటే మున్సిపాలిటీ ఆమోదించిన శాంక్షన్ ప్లాన్ చూడాల్సిందే. రెరా అంటే ఇళ్ళు, ఫ్లాట్ల అమ్మకాలని నియంత్రించే చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ. ఆ సైట్ కొనేవాళ్ళకి మాత్రమే అనుకునేవాణ్ణి, కానీ ప్రాజెక్ట్ పేరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 8 రెండూ దాటితే రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు, అందుకే మా పక్క ప్రాజెక్ట్ ప్లాన్‌తో సహా అందులో దొరికింది.

ప్లాన్ ప్రింట్ తీసి రెండో మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టాం. బిల్డర్ మనిషి కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, బ్రోచరే తప్పని ఒప్పుకున్నాడు. మొదటి మీటింగ్‌లో గంటసేపు అరుచుకున్నా తేలనిది పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ తర్వాతే అతనితో మామూలుగా మాట్లాడగలిగాం, పని ఏ టైమ్‌కి ఆపుతారు, లారీలు ఎటు నుంచి వస్తాయి లాంటివన్నీ.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఈ చట్టం ప్రధానంగా కొనేవాళ్ళ వైపు నుంచే ఆలోచిస్తుంది. శాంక్షన్ అయిన ప్లాన్ మార్చాలంటే బుక్ చేసుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, మంచిదే, కానీ అక్కడ పక్కింటివాళ్ళ మాట లెక్కలోకి రాదు. ఇన్ని కొత్త కుటుంబాలొస్తే మా సన్న డ్రైనేజీ లైన్ తట్టుకుంటుందా అన్నదానికీ ఆ సైట్‌లో జవాబుండదు, అది వాటర్ బోర్డు చెప్పాలి. కట్టేదాంట్లో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక అందులో ఉండొచ్చని ఇచ్చే అనుమతి) వచ్చాకే విడిపించుకోవాలన్న రూల్ ఉందని మా వీధిలో సగం మందికి తెలియదు. ప్లాన్ ఎంత సులువుగా దొరికిందో ఇవి కూడా అంత సులువుగా దొరికితే, కొత్త అపార్ట్‌మెంట్ అనగానే జనం గొడవకి దిగరు.

డ్రైనేజీ గురించి ఆ ప్లాన్ కాపీ జతచేసి, అందరి సంతకాలతో ఈ సోమవారం ఉత్తరం ఇస్తున్నాం.