స్ట్రాటోస్‌తో టురీని కనుమలో అరగంట

లాంచియా స్ట్రాటోస్ అనే పాత ఇటలీ ర్యాలీ కారును ఒక్కసారైనా నడపాలన్నది నా పదిహేనేళ్ల కోరిక. స్టట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాదే దాని ఫొటో ఒకటి డెస్క్ మీద పెట్టుకున్నాను. ఈ సెప్టెంబర్‌లో మా బావ గుంటూరు నుంచి రావడం, పాత కార్ల పరిచయస్తుల ద్వారా ఒక స్ట్రాటోస్ యజమాని సరేననడం కలిసొచ్చాయి. ఐదు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. ముందు ఇటలీలోని టూరిన్, తర్వాత సాన్‌రెమో, చివరికి ఫ్రాన్స్ వైపున్న టురీని కనుమ.

టూరిన్‌లో చూడాల్సినవి రెండు. ఆటోమొబైల్ మ్యూజియం పెద్దది, పిల్లలతో వెళ్లినా విసుగు రాదు. కానీ ఒక్కదానికే టైం ఉంటే నేను ఫియట్ వాళ్ల పాత మిరాఫియోరి ఫ్యాక్టరీలో పాత కార్లను దాచి ఉంచిన హెరిటేజ్ హబ్‌కే వెళ్లమంటాను. గైడ్ వెంట తిరగాలి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. స్ట్రాటోస్, 037, డెల్టా లాంటి ర్యాలీ కార్లను అంత దగ్గరగా చూసే అవకాశం మళ్లీ రాదు.

ఊరి నడిబొడ్డున మేం దిగిన హోటల్‌లో గది బాగుంది, టిఫిన్ ఇంకా బాగుంది. అయితే ఆ వీధుల్లోకి ఉదయంపూట బయటి కార్లు రాకూడదన్న సంగతి రిసెప్షన్‌లో ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత ఇంటికి ఫైన్ వచ్చింది. కారుతో వెళ్లేవాళ్లు లింగొట్టో వైపు గది తీసుకుని మెట్రోలో తిరగడం మేలు.

సాన్‌రెమో దాకా అంతా టోల్ రోడ్డే. సవోనా దాటాక ఒక పక్క సముద్రం, మధ్యలో లెక్కలేనన్ని సొరంగాలు. సాన్‌రెమోలో గదుల ధరలు ఎక్కువ, పార్కింగ్ కష్టం. ఒక్క రాత్రి చాలు. అక్కడ ఫరినాటా అని శనగపిండితో చేసి ఓవెన్‌లో కాల్చిన అట్టు దొరుకుతుంది. మాంసం ముట్టని మా బావ రెండు పూటలా అదే తిన్నాడు. "కాస్త అల్లం, పచ్చిమిర్చి పడితే మన అట్టేరా ఇది" అన్నాడు.

బస మాత్రం ఫ్రాన్స్ వైపున్న సోస్పెల్‌లో చేయండి. నది మీద పాత రాతి వంతెన ఉన్న చిన్న ఊరు. మేమున్న చోట లిఫ్ట్ లేదు, వైఫై అంతంతమాత్రం. కానీ ఇంటావిడ మా కోసం తెల్లవారుజామున ఐదున్నరకే కాఫీ, రొట్టె సిద్ధం చేసింది. కారు లేకపోయినా నీస్ నుంచి రైల్లో గంట లోపే చేరుకోవచ్చు.

టురీని దారి మొదలయ్యేది అక్కడే. సోస్పెల్ 350 మీటర్ల ఎత్తులో ఉంటే కనుమ 1607 మీటర్ల దగ్గర ఉంది. మోంటె కార్లో ర్యాలీలో రాత్రిపూట, మంచులో పరిగెత్తిన దారి ఇది. ఆ ర్యాలీని సాండ్రో మునారి స్ట్రాటోస్‌తో 1975, 76, 77లో వరసగా గెలిచాడు. లాంచియా కంపెనీ ఆ కారును పక్కన పెట్టేశాక కూడా, 1979లో బెర్నార్ డార్నిష్ ఓ ప్రైవేటు టీమ్ స్ట్రాటోస్‌తో కేవలం 6 సెకన్ల తేడాతో గెలిచాడు.

మామూలుగా రోడ్డు కారునే మార్చి రేసుకు పంపుతారు. స్ట్రాటోస్ కథ తిరగేసి నడిచింది. లాంచియా ర్యాలీ టీమ్ నడిపే చెజారే ఫియోరియో ర్యాలీ గెలిచే కారు కావాలన్నాడు, బెర్టోనే అనే డిజైన్ కంపెనీలో మార్చెల్లో గాండీని గీశాడు, ఇంజన్ ఫెరారీ డీనో నుంచి వచ్చింది. గ్రూప్ 4 అనే పోటీ విభాగంలో హోమోలోగేషన్, అంటే పోటీకి అనుమతి, దొరకాలంటే నియమం ప్రకారం 500 కార్లు తయారు చేయాలి. 1974లో అది దొరికింది. నిజానికి మొత్తం తయారైనవి మాత్రం 490 చిల్లరే అంటారు. అలా మామూలు మనుషులకు అమ్మిన వాటిలో ఒకటి, ఆ ఉదయం ఎర్రగా, మంచుతడితో మా ముందు నిలబడింది.

ముందు ఆశ్చర్యపరిచింది తలుపు. లోపలి వైపు హెల్మెట్ పట్టేంత పెద్ద అర ఉంది. అద్దానికి తిప్పే పిడి లేదు. ఒక మర వదులు చేసి అద్దాన్ని కిందికి జార్చి మళ్లీ బిగించాలి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2180 మిల్లీమీటర్లు. మన మారుతి 800కి 2175. అంత పొట్టి కారులో, వీపు వెనకే 2.4 లీటర్ల వి6, 190 హార్స్‌పవర్!

మొదట కారు యజమానే నడిపారు. ఆయిల్ వేడెక్కే దాకా ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎం దాటనివ్వలేదు. మూలినే ఊరు దాటాక తాళం నా చేతికిచ్చి ఒక్కటే చెప్పారు: మలుపులో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు హఠాత్తుగా తీయొద్దు, వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. గొంతు ఎండిపోయింది. క్లచ్ బరువు, వెనక అద్దంలో దాదాపు ఏమీ కనపడదు. కానీ ముందు అద్దం గుండ్రంగా రెండు పక్కలకూ తిరిగి ఉండటంతో మలుపు మొత్తం కళ్ల ముందుంటుంది.

మూడో హెయిర్‌పిన్ దగ్గర టెన్షన్ పోయింది. రెండో గేర్, స్టీరింగ్ కొద్దిగా తిప్పానో లేదో ముక్కు అప్పటికే తిరిగిపోయింది. రోజూ నడిపే పెద్ద కారైతే ఆ మలుపులో రోడ్డంతా కావాలి. ఇది తన లేన్‌లోనే తిరిగి, మిగిలిన రోడ్డు నాకే వదిలేసింది. మ్యూజియంలో దాన్ని ఎన్నిసార్లు చూసినా ఆ పొట్టితనం ఎందుకో నాకు బోధపడలేదు. 4500 దాటాక మూడు వెబర్ కార్బురేటర్లు గాలి పీల్చే చప్పుడు కొండకు తగిలి మళ్లీ క్యాబిన్‌లోకి వచ్చింది. ఎంత వేగంలో వెళ్లానని బావ తర్వాత అడిగితే చెప్పలేకపోయాను. స్పీడోమీటర్ వైపు చూడనే లేదు.

కనుమ పైన ఉన్న హోటళ్లలో ఒకదాని ముందు ఆపాం. ఆదివారం అయితే బైకులు, సైకిళ్లతో నిండిపోతుందట, కాబట్టి వారం మధ్యలో, ఎనిమిదిలోపు చేరుకోండి. ఆయన వెనక మూత మొత్తం పైకెత్తి ఇంజన్‌కు గాలి తగలనిచ్చారు. పెట్రోల్, వేడి ఆయిల్ వాసన. చలికి వణుకుతున్న మా బావ దాని పక్కనే నిలబడి రెండు చేతులూ కాచుకున్నాడు.