బ్లూటూత్ స్కానర్ రెండేళ్లు వాడినాక: 'సర్క్యూట్' అన్న మాట నేను చదవలా

బండిలో తప్పు పడితే దాని కోడ్ ఫోన్‌లో చూపించే ఈ స్కానర్‌ని స్టీరింగ్ కింద సాకెట్లో గుచ్చడం, ఫోన్‌తో కలపడం, ఇదంతా అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నేను చెప్పేదల్లా ఫ్రీజ్ ఫ్రేమ్ అనే ఒక్క పేజీ గురించి, తప్పు పడిన క్షణంలో బండి లెక్కలు దాంట్లో ఉంటాయి. రెండేళ్లలో ఏడాదిన్నర ఆ పేజీ తెరిచి కూడా చూడలా.

మాది పొదలకూరు, బీఎస్ 4 డీజిల్ పికప్, తోలేది ఎక్కువగా నిమ్మకాయలే. ఎండాకాలం, కాయ మంచి రేటు మీద ఉంది, మద్రాసు లోడేసుకుని పోతా వెంకటాచలం టోల్ కాడ క్యూలో నిలబడితే బండి గడగడా వణకడం మొదలుపెట్టింది, గేరు రాడ్డు దానంతటదే ఆడతా ఉంది, మీటర్లో చెక్ లైటు. టోల్ దాటి అరవైలో పోతే ఏమీ లేదు. నాయుడుపేటలో టీకి ఆపితే మళ్లీ అదే మిస్సింగ్. ఎట్టనో లోడు దింపుకొని వచ్చినా.

స్కానర్ పెడితే పీ0203, మూడో సిలిండరు ఇంజెక్టర్ (సిలిండర్లోకి డీజిల్ కొట్టేది) సర్క్యూట్ అని వచ్చింది. మా మెకానిక్ అన్న చూసి "ఇంజెక్టర్ పోయిందబ్బయా, ఇంకేం లేదు" అని స్కానర్లో కోడ్ తుడిచేశాడు. కొత్తది పద్దెనిమిది వేలు అన్నాడు. నేను కూడా ఇంజెక్టర్ అన్న మాట వరకే చదివినా, దాని పక్కన సర్క్యూట్ అని, అంటే దాని వైరింగ్ కూడా కలిపి, ఉంటే అది కంటికి ఆనలా. ఇంకో తప్పు ఏందంటే కోడ్ కొట్టేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అంటే తప్పు జరిగినప్పుడు బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజన్ ఎంత వేడిలో ఉంది అనే లెక్క మొత్తం మాయం. మళ్లీ ఆ మిస్సింగ్ వచ్చేదాకా నాలుగు రోజులు కాచుకోవాల్సి వచ్చింది.

ఈసారి ముందు స్క్రీన్‌షాట్ కొట్టినా. స్పీడు 0, ఆర్పీఎం 790, కూలెంట్ (ఇంజన్ నీళ్ల వేడి) 88 డిగ్రీలు. అయితే వేడెక్కితే వస్తాందేమో అనుకున్నా. కోడ్ నేనే తుడిచి మూడో సారి కోసం చూస్తే, పొద్దున్నే ఇంటి ముందర సెల్ఫ్ కొట్టిన కాసేపటికే వచ్చింది, స్పీడు 0, ఆర్పీఎం 810, కూలెంట్ 41 మాత్రమే. వేడి కాదని అర్థమైంది. రెండిట్లో ఒకటే ఉంది, బండి నిలబడి ఐడిలింగ్‌లో వణుకుతున్నప్పుడే వస్తాంది.

షెడ్డులో ఒక పెద్దాయన పైపు నట్లు ఒక్కోటి లూజు చేసి ఏది తీస్తే తేడా రాదో చూద్దాం అన్నాడు. ఆ పద్ధతి పాత పంపు ఇంజన్లకి, కామన్ రైల్లో (అన్ని ఇంజెక్టర్లకీ కలిపి ఒకే ప్రెషర్ పైపు) ప్రెషర్ వెయ్యి బార్ పైదాకా పోతది, డీజిల్ చర్మంలోకి దూరిపోతుందని వద్దన్నా. ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కొచ్చే రిటర్న్ పైపులకి నాలుగు బాటిళ్లు కట్టి చూస్తే నాలుగిట్లో ఒకటే మట్టం, లోపల లీకయ్యేదుంటే దాని బాటిల్లో ఎక్కువ నిండాల. అప్పటికీ అన్నకి నమ్మకం లేదు, ఒకటీ మూడూ ఇంజెక్టర్లు మార్చి, రాగి వాచర్లు కొత్తవి వేసి, ఇంజెక్టర్ల మీదుండే నంబర్లు ఆయన పెద్ద స్కానర్‌తో ఎక్కించాడు. ఇంజెక్టర్ తప్పయితే కోడ్ దాంతోపాటు ఒకటో సిలిండరుకి పోవాల గదా, పోలా. మళ్లీ 0203నే.

అప్పుడు నెల్లూరు ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పొయ్యా. స్క్రీన్‌షాట్లు చూసి, ఇంజన్ ఆన్‌లోనే చెక్క స్కేలుతో వైరింగ్ కదిలించుకుంటా వచ్చాడు (ఇంజెక్టర్ల వైర్లలో వోల్టేజీ ఎక్కువ, చెయ్యి పెట్టగూడదంట). మూడో ఇంజెక్టర్ కప్లర్‌కి (వైరు గుచ్చే చోటు) జానెడు దూరంలో కదిలించంగానే గడగడ. టేప్ కోస్తే ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి బిగించి కట్టుంది, అంతకుముందు ఆల్టర్నేటర్ పని చేసినప్పుడు కట్టినట్టున్నారు. వైరు పైన రబ్బరు బాగానే ఉంది, లోపల రాగి తీగలు తెగిపోయి రెండు వెంట్రుకలు మిగిలినాయి. ముక్క వేసి సోల్డర్ చేసి మూడొందలు తీసుకున్నాడు.

స్కానర్ కొన్న కొత్తలో కోడ్ కొట్టేస్తే లైటు పోతుంది, బో బాగుందని కనిపించిన వాళ్లందరికీ చెప్పినా. ఇప్పుడు ఆ మాట అనను. లైటు పోవడం, తప్పు పోవడం రెండూ వేరు. ఒక్కో ఇంజెక్టర్‌కి డీజిల్ ఎంత సర్దుతాందో చెప్పే కరెక్షన్ విలువలు నా బండిలో ఈ స్కానర్ చూపించదు, ఇంజెక్టర్ నంబర్లు ఎక్కించడం దీని వల్ల కాదు, ఒకసారి తీయకుండా మూడు రోజులు వదిలేస్తే బ్యాటరీ కూడా దించేసింది, అప్పటికే నా బ్యాటరీ పాతదిలే.

నా మాదిరి సొంత బండి సొంతంగా తోలుకునేవాళ్లకైతే తీసుకోమంటా. డ్రైవర్‌కి బండి అప్పజెప్పేవాళ్లకి, వారంటీలో ఉన్న బండికి ఎంతవరకు పనికొస్తదో నేను చెప్పలేను. నాకైతే రెండు స్క్రీన్‌షాట్లతోనే డబ్బులు వచ్చేసినాయి, అదీ లోడు లేని రోజులు నాలుగు దొరికినాయి కాబట్టి.